గొంతులో ఆలుగడ్డ

పోయిన నెల ఒక మధ్యాహ్నం, కొత్తగా ఉద్యోగంలో చేరిన వెటర్నరీ అసిస్టెంట్లకు పాఠం చెబుతున్నాను. ఆ పాఠం పేరు పలకాలంటే నోరు తిరగదు గానీ సంగతి చిన్నదే. మీరు ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు, ఏది డాక్టరు దగ్గరుంటేనే చేయాలి. టీకాలు వేయవచ్చు. గాయాలు కడిగి కట్టు కట్టవచ్చు. కడుపులో పురుగులకు నట్టల మందు తాగించవచ్చు. రోగం ఇదీ అని తేల్చడం, మందు రాయడం, కోత కోయడం డాక్టరు పని. అక్కడిదాకా వచ్చానో లేదో బల్ల మీద ఫోను గుర్రుమంది. జహీరాబాద్ నుంచి మెసేజ్. మా పెద్దాయన పోయాడని.

మాట మధ్యలో ఆగిపోయాను. పాఠం మరిచిపోయాననుకుందేమో, ముందు బెంచీలోని అమ్మాయి "కోత కోయడం, మేడం" అని మెల్లగా అందించింది కూడా. అందరినీ చాయ్ తాగి రమ్మని బయటికి పంపి కుర్చీలో కూలబడ్డాను. ఈ పాఠం కాలేజీలో నాకూ చెప్పారు. పుస్తకంలో ఒక పేజీ ఉండేది, పరీక్ష రాసి మరిచిపోయాను. అసలు నేర్పింది మాత్రం ఆ పెద్దాయనే. డాక్టరుకు అసిస్టెంటు నేర్పడమేమిటని మీరడిగితే, అప్పట్లో నేనూ అదే అడిగేదాన్ని, అదీ బాగా కోపంగా.

పేరు రాయడం లేదు. బతికుంటే ఒప్పుకునేవాడు కాదు. పోయాడు కదా అని అడక్కుండా రాసేయడం నాకు బాగోదు.

ఝరాసంగం దిక్కున ఒక పల్లెలోని పశువుల దవాఖాన నా మొదటి పోస్టింగు. జహీరాబాద్‌లో షేర్ ఆటో ఎక్కి, పదకొండు మంది మధ్య పన్నెండో మనిషినై, ఎవరిదో కోడిపుంజును ఒళ్లో పెట్టుకుని వెళ్లి దిగాను. దవాఖాన అంటే రెండు గదులు, ముందు ఒక రేకుల పంచ, పశువు కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం, దాని పక్కన ఆయన. సన్నటి మనిషి. తెల్లచొక్కా, మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు, రబ్బరు చెప్పులు. నన్ను చూడగానే వంగి ప్యాంటు మడతలు విప్పి కిందికి దింపుకున్నాడు. ఆ తర్వాత నమస్తే పెట్టాడు. ఆ వరుస ఆయనకు ముఖ్యం.

బయట పదిమంది రైతులు బర్లను పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కరూ నా దగ్గరికి రారే. అందరూ నన్ను దాటుకుని డాక్టర్ సాబ్, డాక్టర్ సాబ్ అంటూ ఆయన మీదికే పోతున్నారు. ఆయన ఒక్కొక్కరినీ భుజాలు పట్టి నా వైపు తిప్పుతున్నాడు, డాక్టర్ గాడున్నది, నేను గాదు అని. ఒక ముసలాయన అయితే నన్ను కిందినుంచి పైదాకా చూసి, గామె కాయితాలు రాసే ఆమె గద అన్నాడు. మనసులో ఏ కల్మషమూ లేకుండా అన్నాడు, అందుకే ఇంకా ఎక్కువ మండింది నాకు. అయిదేళ్లు చదివి వచ్చింది కాయితాలు రాయడానికా?

ఆయన మాత్రం ఆ ముసలాయన బర్రెను తెచ్చి నా ముందు నిలబెట్టి, తాను నాకు ఒక అడుగు వెనక నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని. ఆ అడుగు దూరం నేను అక్కడ ఉన్నన్నాళ్లూ, ఒక్క రోజు తప్ప, తగ్గలేదు. నడిచినా అంతే. నేను గట్టు మీద ఆగితే ఆయన గట్టు కింద ఆగేవాడు. పక్కకు రండి, మాట్లాడుకుంటూ పోదాం అంటే తలూపేవాడు. నాలుగడుగులకు మళ్లీ వెనకే ఉండేవాడు. ఒకసారి కావాలని నేనూ వెనక్కి జరిగాను. ఆయన ఇంకో అడుగు జరిగాడు. అలా ఇద్దరం వెనక్కి వెనక్కి జరుగుతుంటే చూసి ఆటో డ్రైవర్ కడుపు పట్టుకుని నవ్వాడు.

ఇంకో అలవాటు ఉండేది. పశువుకు సూది వేసే ముందు, పక్కనే నిలబడ్డ నన్ను చూసి కూడా అడిగేవాడు, ఉన్నరా మేడం అని. ఉన్నాను అనాలి. అంటేనే సూది దిగుతుంది. మొదట్లో ఇదేదో వేళాకోళమనుకున్నాను. కళ్లెదురుగా ఉన్న మనిషిని ఉన్నావా అని అడగడమేమిటి? తర్వాత అర్థమైంది. నేను ఫోను చూసుకుంటూనో, రైతుతో కబుర్లు చెబుతూనో ఉంటే ఆయన లెక్కలో నేను లేనట్టే. చూస్తుంటేనే ఉన్నట్టు. ఆ ఒక్క ప్రశ్నతో నా చేతిలోంచి ఫోను జేబులోకి పోయేది.

చొక్కా జేబులో పాలిథిన్ కవరు, ఆ కవరులో నాలుగు మడతల కాయితం. ఆయన చేయదగిన పనుల జాబితా అది, ఆఫీసు నుంచి ఎప్పుడో వచ్చిన నకలు. అక్షరాలు సగం చెరిగిపోయాయి, అయినా ఆయనకు చూసే అవసరం లేదు, కంఠతా వచ్చు. ఊళ్లో ఎవరైనా, సాబ్, మేడం లేకున్నా ఏం గాదు, నువ్వే రెండు కుట్లెయ్యరాదు అంటే, జేబు మీద అరచెయ్యి పెట్టి, గిందుల లేదు అనేవాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసు మనిషి. నాకంటే చక్కగా కుట్లు వేయగలడని నాకూ తెలుసు, ఊరికీ తెలుసు, బర్లకు కూడా తెలుసేమో.

బర్లంటే గుర్తొచ్చింది. ఆయన పశువులతో భాష మార్చి మాట్లాడేవాడు. మేకలకు ఉర్దూ, బర్లకు తెలుగు, ఎడ్లకు కన్నడం. ఎడ్లను ఎక్కువగా బీదర్ వైపు సంతల్లో కొనుక్కొస్తారు కాబట్టి వాటికి చిన్నప్పటి భాష అదేనని ఆయన వాదన. చట్రంలో పెనుగులాడే ఎద్దు చెవిలో, ఆగు నాయనా అన్నట్టు, "నిల్లు, తందే, నిల్లు" అంటే అది నిజంగానే నిలబడేది. నేను హైదరాబాద్ తెలుగులో ఆగు ఆగు అంటే నా కాలు తొక్కేది. నేను అక్కడ కన్నడం నేర్చుకున్నది ఎడ్ల కోసమే అంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

ఇక అసలు సంగతి, రోగం పేరు ఆయన నోటివెంట వచ్చేది కాదు. ఎప్పుడూ రాలేదు. అడిగేవాడు, అంతే. మేడం, ఈ బర్రె ఈని ఎన్ని దినాలైందో జర అడుగున్రి. నేను అడిగేదాన్ని, నిన్ననే అని రైతు చెప్పేవాడు. ఈనిన మర్నాడు కూలబడి, చెవులు చల్లబడ్డాయంటే ఒంట్లో కాల్షియం తగ్గిందన్నమాట, ఆ సంగతి నాకు టక్కున వెలిగేది. ఇంకో రోజు, మేడం, గీ ఆవు ఎల్లుండికి లేసి మేస్తదంటరా? చూస్తే మూడు రోజుల జ్వరం. నెల రోజులపాటు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంటికి ఫోను చేసి అమ్మా, చూడగానే పట్టేస్తున్నానే అని గొప్పలు కూడా పోయాను. ఆ తర్వాత ఒక రోజు ఆటోలో పోతూ పోతూ తట్టింది, ఆయన అడిగే ప్రశ్నలోనే జవాబు ఉంటోందని. ఆటోలోనే సిగ్గుతో ముఖం కాలిపోయింది. మర్నాడు పోయి నిలదీశాను. మీకు తెలిసి కూడా నన్ను అడిగిస్తున్నారా అని. ఆయన నేలచూపులు చూస్తూ, తెలుసుడు వేరు మేడం, చెప్పుడు వేరు అన్నాడు.

ఆ పట్టుదల ఎక్కడిదో ఒక మధ్యాహ్నం చాయ్ దగ్గర బయటపడింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, డాక్టరు సెలవులో ఉన్నప్పుడు, న్యాల్‌కల్ వైపు ఒక రైతు ఆవును తెచ్చాడట. చూలు కట్టిందా లేదా చూడమన్నాడు. ఈయన కుర్రతనం కొద్దీ చెయ్యి పెట్టి చూసి, కట్టలేదు, ఇది గొడ్డుదే అని చెప్పేశాడు. రైతు దాన్ని సంతలో అమ్ముకున్నాడు. మూడు నెలలకు కొన్నవాడి ఇంట్లో ఆ ఆవు పెయ్యదూడను ఈనింది. అమ్ముకున్న రైతు భార్య ఏమీ అనలేదట. కానీ తర్వాత చాలా ఏళ్లు, సంతలో ఈయన ఎదురైతే చాలు, తలమీది గంప కిందికి దింపి, ఈయన దాటిపోయేదాకా అటు తిరిగి నిలబడేదట. తిట్టినా బాగుండు మేడం అన్నాడు, చాయ్ సాసర్లో పోసుకుంటూ.

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు గానీ ఆలస్యంగా.

ఇప్పుడు ఆలుగడ్డల సంగతికి వస్తాను. జహీరాబాద్ దిక్కున ఆలుగడ్డ బాగా పండిస్తారు. తవ్వే రోజుల్లో చిన్నవీ, పుచ్చువీ చేలోనే పారేస్తారు. బర్లు పోయి వాటిని నమలకుండా మింగుతాయి. అది గొంతులో అడ్డం పడుతుంది. పశువు సొంగ కారుస్తూ, మెడ చాస్తూ, నీళ్లు మింగలేక గిలగిలలాడుతుంది. కాబట్టి ఆ నెలల్లో ఏ బర్రె సొంగ కార్చినా ఆ ఊళ్లో ఒకటే మాట, ఆలుగడ్డ ఇరికింది. నేను ఆ ఏడాది ఒకే వారంలో రెండు బర్ల నోళ్లలో చెయ్యి పెట్టి రెండు ఆలుగడ్డలు తీశాను. ఆయనే దవడలు పట్టుకున్నాడు, ఉన్నరా మేడం అని అడగలేదు కూడా, ఎందుకంటే మోచేతిదాకా నేనే లోపల ఉన్నాను. రెండో ఆలుగడ్డను జనం చేతులు మార్చుకుంటూ చూశారు. కాయితాలు రాసే ఆమె అన్న ముసలాయన కూడా చూశాడు. నా ఆనందం పట్టలేనిది. బర్రె పళ్లు గీరి వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయింది, అదీ గొప్పగానే ఉంది నాకు.

సరిగ్గా మూడో రోజు జహీరాబాద్‌లో మీటింగు. మేం వరుసగా కూర్చుని లెక్కలు అప్పజెబుతుంటే ఆయన ఫోను. బల్ల కిందికి వంగి గుసగుసగా ఎత్తాను. ఒక ఇంట్లో పాడిబర్రె పొద్దుటి నుంచి సొంగ కారుస్తోందట, మేత ముట్టడం లేదట, నీళ్లు మింగడం లేదట. ఇంటివాళ్లు ఆలుగడ్డే అంటున్నారట.

"చెయ్యి పెట్టి తీసెయ్యండి, మొన్న చూశారుగా" అన్నాను.

"నేను పెట్ట మేడం. మీరు రావాలె."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంతకంటే పెద్ద పనులు నా ముందు చేశాడు. ఆమాత్రానికి మీటింగు వదిలేసి పదిహేను కిలోమీటర్లు రమ్మంటాడా? నేను చెబుతున్నాను కదా, డాక్టరు చెప్పడమే అనుమతి అన్నాను. మీరు ముంగటుంటే అనుమతి, ఫోన్లుంటే గాదు, కాయితంల గొంతుల చెయ్యి పెట్టుడు లేదు అన్నాడు. ఆ కాయితం పేరు ఎత్తగానే నాకు ఇంకా రేగింది. అప్పుడు ఆయన అలవాటు ప్రకారం ఒక ప్రశ్న అడిగాడు.

"ఎడమ డొక్క ఉబ్బలేదు మేడం. ఎందుకు ఉబ్బలేదంటరు?"

గొంతు మూసుకుపోతే లోపలి గాలి బయటికి రాదు, ఎడమ డొక్క డోలులా ఉబ్బాలి. ఇది నాకు తెలుసు. ఆయన ప్రశ్నల్లో జవాబు ఉంటుందనీ తెలుసు. రెండూ తెలిసి కూడా ఆ రోజు చెవిన పెట్టలేదు. ఆయన ఫోను బర్రె దగ్గరికి తీసుకుపోయి, జర ఇనున్రి అన్నాడు. ఏదో గరగర తప్ప నాకేమీ వినపడలేదు, ఇవతల మీటింగులో ఎవరో గట్టిగా అంకెలు చదువుతున్నారు. మాట వినకపోతే మెమో ఇస్తానన్నాను.

"ఇయ్యున్రి మేడం. వచ్చినంక ఇయ్యున్రి" అన్నాడు.

తలనొప్పి అని చెప్పి మీటింగులోంచి లేచాను. ఆటోలో దారంతా మెమో వాక్యాలు కూర్చుకుంటూ పోయాను. పై అధికారి ఆదేశాన్ని ధిక్కరించినందుకు, అని మొదలుపెట్టి, ఊరు వచ్చేసరికి రెండు పేరాలు తయారు చేశాను.

పోయి చూస్తే వాకిట్లో వింత. బర్రెను దూరంగా గుంజకు పొట్టిగా కట్టేశాడు. దాని చుట్టూ సున్నంతో గీత గీశాడు. గీత దాటి ఎవరూ పోకుండా తాను నిలబడ్డాడు, ఈసారి ప్యాంటు మడతలు దింపలేదు. ఇంటామె బోరు పైపు దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటూ ఏడుస్తోంది. పొద్దున ఆమె తానే ఆలుగడ్డ తీద్దామని బర్రె నోట్లో మణికట్టుదాకా చెయ్యి పెట్టిందట. ఆలుగడ్డలు తవ్వీ తవ్వీ ఆమె చేతులు పగిలి ఉన్నాయి. నన్ను చూసి, బర్రెను చూడుమంటె నా చేతులు పట్టుకున్నడు మేడం గీయన, సబ్బు మొత్తం అరగదీసిండు అని ఫిర్యాదు చేసింది. పాపం, ఆమెకు ఉన్నది ఆ ఒక్క బర్రె. ఇంట్లోకి ఉప్పూ పప్పూ దాని పాల మీదే వస్తాయి.

నాకు కోపంలో చేతి తొడుగులు గుర్తురాలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, గీత దాటి, పక్కకు జరగండి అంటూ బర్రె మూతి వైపు పోయాను. ఆయన జరగలేదు. నాకూ బర్రెకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. నేను ఇటు పోతే ఇటు, అటు పోతే అటు. అన్నాళ్లలో ఆయన నా ముందు నిలబడడం అదే మొదటిసారి. చేతులు జోడించి ఉన్నాడు.

"మెమో తర్వాత ఇయ్యున్రి మేడం. ముందుగల ఆమెను ఒక్క ముచ్చట అడుగున్రి. ఊర్లకు కుక్క గిట్ట వచ్చిందా అని."

అడిగాను. అడిగాననడం కంటే నా నోట్లోంచి దానంతటదే వచ్చిందనాలి. ఆమె కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. నెలన్నర కింద ఒక కుక్క వచ్చి మస్తు ఆగం చేసిందట, దొరికినోళ్లను దొరికినట్టు కరవబోయిందట, పోరగాళ్లు కొట్టి చంపారట. మా బర్రెను ఏం చెయ్యలేదు మేడం, ముట్టె మీద జర గీరింది, పసుపు పెట్టిన అంది.

అప్పుడే బర్రె అరిచింది. ఫోన్లో నాకు వినిపించాలని చూసిన అరుపు. బొంగురుగా మొదలై మధ్యలో తెగిపోయింది. పుస్తకంలో చదివాను ఆ అరుపు గురించి, వినడం అదే మొదలు. నా చెయ్యి ఇంకా బర్రె మూతి వైపే చాచి ఉంది. కణుపుల మీద తోలు లేచిన చెయ్యి. నేను దాన్ని వెనక్కి తీసుకుని, అక్కడే మట్టిలో కూర్చున్నాను.

కుక్కకాటు రోగం. రేబిస్. పశువుకు వచ్చినా మనిషికి వచ్చినా, బయటపడ్డాక మందు లేదు. ముందే సూదులు వేసుకుంటే మనిషి దక్కుతాడు. ఇంటామెను, సొంగ తగిలిన మరో ఇద్దరినీ అప్పటికప్పుడు జహీరాబాద్ దవాఖానకు పంపాలి. ఆమె బర్రెను వదిలి రానంటే రానంది. ఆయన ఆమె పక్కన చతికిలబడి ఏం చెప్పాడో, ఎంతసేపు చెప్పాడో, ఆమెను ఆటో ఎక్కించి తాను డ్రైవర్ పక్కన కూర్చుని తీసుకుపోయాడు. తాను సొంగ ముట్టకపోయినా, ఆమె ధైర్యం కోసం ముందు తన జబ్బ చూపించి సూది వేయించుకున్నాడట. బర్రె మూడో రోజు చచ్చిపోయింది. పరీక్షకు పంపితే అదేనని తేలింది. ఆమె అన్ని సూదులూ వేయించుకుంది, ఇప్పటికీ క్షేమంగా ఉంది.

మర్నాడు దవాఖానలో తలుపు దగ్గరగా వేసి అడిగాను. ఫోన్లో ఆ ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? నేను చెయ్యి పెట్టేసి ఉంటే?

"పేరు చెప్పుడు నా పని గాదు మేడం. అడుగుడు నా పని. ఆపుడు నా పని" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎదురుగానే ఏడ్చాను. ఆయన కంగారుపడి పోయి రెండు చాయ్‌లు చెప్పి వచ్చి, రిజిస్టరు తీసి నా ముందు పెట్టాడు. రోగం ఎవరు గుర్తించారనే గడి ఉంటుంది అందులో. మీ పేరు రాస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను కనిపెట్టిన్నంటే నా పని గాని పని చేసినట్టు, మీ మాట ఇనలేదంటే ఇంకో తప్పు, రెండు తప్పులు ఎందుకు మేడం, మీరు కనిపెట్టిన్రని రాయున్రి అన్నాడు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి. ఆయన మేలు కోసమే అనుకుని నా పేరు రాశాను. నిజంగా ఆయన మేలు కోసమేనా అని అప్పుడు గట్టిగా అడుక్కోలేదు.

ఎందుకంటే తర్వాత జరిగింది నాకు చేదుగా లేదు. మీటింగులో నన్ను లేపి నిలబెట్టి మెచ్చుకున్నారు. కొత్త డాక్టరు, చూపుతోనే పట్టేసింది, మూడు ప్రాణాలు కాపాడింది అన్నారు. శాలువా కప్పారు. ఆయన వెనక వరుసలో నిలబడి అందరికంటే గట్టిగా, అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొట్టాడు. ఆ శాలువా ఫోటో మా అమ్మ హాల్లో పెట్టుకుంది. నేను నోరు విప్పలేదు. రెండేళ్లకు నాకు బదిలీ అయింది, ఆయన రిటైరయ్యాడు. పండక్కీ పబ్బానికీ ఫోను చేస్తే, బాగున్నరా మేడం, బర్లు బాగున్నయా అని అడిగేవాడు. నేనెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

పోయిన నెల ఆయన దినాలకు పోయాను. జహీరాబాద్‌లో ఇరుకు సందు, వాకిట్లో టెంటు, కింద చాపలు. పాతికమంది దాకా చుట్టాలున్నారు. గోడ వారగా కుర్చీలో ఆయన అన్న, చాలా పెద్దవయసు, చెవి వెనక అరచెయ్యి దోనెలా పెట్టుకుని ఎవరేమన్నా ఆఁ, ఆఁ అంటున్నాడు. మా పెద్దాయన భార్యను నేను చూడడం అదే మొదటిసారి. ఎవరో నేను ఫలానా అని చెప్పగానే ఆమె లేచొచ్చి నా కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. వదల్లేదు. చుట్టాల వైపు తిరిగి, గీ చెయ్యే, గీ మేడమే అంది.

ఇక చెప్పసాగింది. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్న కథో, తడుముకోకుండా చెప్పింది. మా ఆయన ఆలుగడ్డ తీస్తనని పిచ్చిలేసిన బర్రె నోట్ల చెయ్యి పెట్టవోతుంటె, గీ మేడం మీటింగు ఇడిసిపెట్టి ఉరికొచ్చి చెయ్యి గుంజిందట. చెయ్యి పెట్టుంటె గప్పుడే పోతుండె. గిన్నేండ్లు బతికిండంటె గీమె పుణ్యం. చుట్టాలు నాకు దండాలు పెట్టారు. ఒకామె నా కాళ్లు ముట్టబోయింది.

రిజిస్టరులో అంటే ఉద్యోగం కోసం. ఇంట్లో కూడానా? తన భార్య దగ్గర, తన పొయ్యి ముందు కూర్చుని కూడా ఆయన తనను తెలివితక్కువవాణ్ని చేసుకుని నన్ను నిలబెట్టాడు. ఎందుకంటే రిజిస్టరులో ఉన్నదే ఇంట్లోనూ ఉండాలి ఆయనకు. ఇప్పుడు ఈ లోకంలో అసలు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పకపోతే అడిగేవాళ్లు లేరు. ఆమె కృతజ్ఞతగా చూస్తోంది, ఆ చూపు హాయిగానే ఉంటుంది, శాలువా లాగే. ఒక్క నిమిషం, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఒక్క నిమిషం ఊరుకుందామనే అనిపించింది.

"లేదమ్మా" అన్నాను. "చెయ్యి పెట్టమని చెప్పింది నేను. పెట్టనన్నది ఆయన. నేను పెట్టబోతుంటే అడ్డం నిలబడి ఆపింది కూడా ఆయనే."

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను, సున్నం గీత, కుక్క ముచ్చట, మెమో, రిజిస్టరు, మొత్తం. ఆమె చేతుల పట్టు సడలింది.

"అంటే రోగం మా ఆయన కనిపెట్టిండా?"

"ఆయనే."

"మీకంటె ముందుగల?"

"నాకంటె చాలా ముందు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని పట్టుకోబోయాను. చూస్తే నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వుతోంది. ఇన్నేండ్లు నాకు గూడ చెప్పలేదు సూడు దొంగ ముసలోడు అంది. అని, నా చెయ్యి పట్టి గోడ వారగా ఉన్న కుర్చీ దగ్గరికి లాక్కుపోయింది.

"మా బావకు చెప్పు బిడ్డా. జర గట్టిగ చెప్పు, ఇనరాదు. తమ్ముడంటె బర్ల తోకలు పట్టెటోడనే అనుకుంటుండె ఇన్నొద్దులు."

ముసలాయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని నా వైపు చూశాడు. నేను వంగి, టెంటు కింద ఉన్నవాళ్లందరికీ వినపడేలా అరిచాను. తప్పు చెప్పింది నేను. ఆపింది మీ తమ్ముడు. రోగం కనిపెట్టింది మీ తమ్ముడు. నేను బతికున్నది మీ తమ్ముడి వల్ల.

ముసలాయన చెవి వెనక చెయ్యి తీసి, పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు.

"మల్లొక్కపారి చెప్పు బిడ్డా" అన్నాడు.

ఆయనకు మొదటిసారే వినపడిందని నాకు తెలుసు. మళ్లీ చెప్పాను.